జడ్జి కావాలంటే ముందు కోర్టు మెట్లెక్కాలి

సంపాదకులకు నమస్కారం.

కింది కోర్టుల్లో మొదటి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు లాయరుగా కనీసం 3 ఏళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీ నుంచి నేరుగా పరీక్ష రాద్దామనుకున్న పిల్లల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా ఆ తీర్పు సరైనదే అంటాను.

చాలా ఏళ్ల కిందట పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి మీద కేసు పెట్టారు. బెయిల్ వచ్చినా పూచీ ఉండే జామీనుదార్లు దొరక్క ఇంకో తొమ్మిది రోజులు జైల్లోనే ఉన్నాడు. అప్పుడు మా తరఫున వాదించిన క్రిమినల్ లాయరుగారు టెక్కలి, సోంపేట, పలాస కోర్టుల మధ్య బస్సుల్లో తిరిగేవారు. పాస్‌బుక్ లేని కూలీకి జామీను ఎవరుంటారో, వాయిదాకు వస్తే ఆ పూట ఇంట్లో ఏం ఉడుకుతుందో, బోనెక్కిన సాక్షి మాట ఎందుకు తడబడుతుందో ఆయనకు తెలుసు. తర్వాత ఆయన జిల్లా జడ్జి అయ్యారు. ఏడేళ్లు ప్రాక్టీస్ చేసిన న్యాయవాదికి రాజ్యాంగం 233వ అధికరణంలో ఆ దారి ఉంది. జడ్జిగా కూడా ముద్దాయి చెప్పేది చివరిదాకా వినేవారని తోటి లాయర్లు ఇప్పటికీ చెబుతారు.

కానీ ఆ మూడేళ్లు పేదింటి పిల్లలు ఎలా బతకాలి? శ్రీకాకుళంలో గది అద్దె, కోటు, పుస్తకాలు అన్నీ ఖర్చే. ఆడపిల్లలకైతే ఇంట్లో పెళ్లి ఒత్తిడి కూడా ఉంటుంది. సీనియర్లు నెలనెలా ఎంతోకొంత ఇవ్వాలి. ఉచిత న్యాయ సహాయం కేసుల్లో జూనియర్లను తోడుగా పెట్టి, ప్రభుత్వం వారికి భత్యం చెల్లించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం