ఫారంలో లేని ప్రశ్న

సంపాదకులు గారికి,

కుటుంబం కష్టకాలంలో ఉన్నప్పుడు పిల్లల మనసును ఎలా కాపాడుకోవాలన్న విషయంపై పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. పిల్లలతో సమయం గడపండి, వాళ్లు చెప్పేది ఓపికగా వినండి, వాళ్ల ఎదుట గొడవ పడకండి అని నిపుణులు చెప్పే మాటల్లో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ఈ హితవు వినవలసింది భర్త ఐసీయూలో ఉన్న ఇల్లాలు, ఉద్యోగం పోయి వాయిదాలు కట్టలేక ఫోన్ ఎత్తడానికే భయపడుతున్న తండ్రి, కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్న దంపతులు. పూట గడవడమే గగనమైన వేళ వాళ్లు ఆ వ్యాసం చదువుతారా, చదివినా ఆచరించగలరా అన్నది నా సందేహం. పిల్లలకు అండగా నిలవవలసిన పెద్దలకే ముందు అండ కావాలి. దాన్ని వెతుక్కుంటూ తిరిగే పని వాళ్లకు పెట్టకుండా, ఆ సమయంలో వాళ్లు ఎలాగూ అడుగుపెట్టే ఆస్పత్రి, కోర్టు, పోలీస్ స్టేషన్ వంటి చోట్లే అది అందాలి.

నేను ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. రోగిని చేర్చుకునేటప్పుడు నింపే ఫారంలో పేరు, వయసు, రక్తం గ్రూపు, పాత జబ్బులు, పడని మందులు, బీమా వివరాలు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి వంటివన్నీ ఉంటాయి. ఇంట్లో పిల్లలున్నారా, ఇప్పుడు వాళ్లను ఎవరు చూసుకుంటున్నారు, ఏం జరిగిందో వాళ్లకు ఎవరైనా చెప్పారా అన్న ప్రశ్న మాత్రం ఉండదు. ఆ పిల్లలేమో మా కళ్ల ముందు వరండాలోనే ఉంటారు. స్కూలు బ్యాగు భుజాన ఉండగానే కుర్చీ అంచున కూర్చుని, వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడే పిల్లవాడికి ‘నాన్నకి కాస్త జ్వరం, రేపొచ్చేస్తాడు’ అని ఎవరో ఒకరు చెబుతారు. పక్కనే తల్లి కుమిలి కుమిలి ఏడుస్తూ ఉంటుంది. జ్వరానికి అంత ఏడుపెందుకో వాడికి అంతుపట్టదు. చెప్పకుండా వదిలేసిన చోటును పసివాళ్లు తమ ఊహతో పూరించుకుంటారు. నిన్న నేను మారాం చేసినందుకే నాన్నకు ఇలా అయిందని నమ్మే పిల్లలు నిజంగా ఉంటారు. ఆ తరువాత ఏ పరీక్షకూ చిక్కని కడుపునొప్పి వస్తుంది, ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు తిరిగి మొదలవుతుంది, చీటికిమాటికి కోపం వస్తుంది, మార్కులు తగ్గుతాయి. వాడిని మొండివాడని తిడతాం. అసలు సంగతి తెలియని ఉపాధ్యాయులు బెంచీ ఎక్కిస్తారు.

దీని గురించి పెద్ద అధ్యయనాలే జరిగాయి. అమెరికాలో 1995–97 మధ్య 17 వేల మందికి పైగా పెద్దలను వారి బాల్యం గురించి అడిగి, 1998లో తొలి ఫలితాలు ప్రకటించిన ఫెలిట్టి, ఆండా అనే వైద్యుల బృందం, చిన్ననాటి కష్టాలు ఎక్కువయ్యేకొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు, మద్యం వ్యసనం వంటివి కూడా ఎక్కువగా కనిపిస్తున్నాయని చూపింది. వాళ్లు లెక్కలోకి తీసుకున్న కష్టాల జాబితాలో ఇంట్లో ఒకరి మానసిక అనారోగ్యం, తాగుడు, తల్లిపై హింస, తల్లిదండ్రులు విడిపోవడం, కుటుంబ సభ్యుడు జైలుకు వెళ్లడం వంటివి ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఏదో ఒక దశలో ఆస్పత్రిలోనో, పోలీస్ స్టేషన్‌లోనో, కోర్టులోనో ఒక కాగితం పుడుతుంది. అంటే ఆ ఇంటి కష్టం సమాజానికి తెలియక కాదు, తెలిసిన చోట పిల్లల సంగతి అడిగేవారు లేకనే ఆ పిల్లలు కనబడకుండా పోతున్నారు.

ఇలాంటి పిల్లల గతి ఇంతేనని నుదుట రాసిపెట్టి లేదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, కుటుంబ కలహాల వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది సమర్థులైన, స్థిరమైన పెద్దవాళ్లుగా ఎదిగారు. తమను నిజంగా పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరైనా ఉండడం వాళ్లను నిలబెట్టిన వాటిలో ముఖ్యమైనది. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కరలేదు, అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు.

అడగడం సాధ్యమేనని చూపిన దేశాలున్నాయి. నార్వేలో 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం తీవ్రమైన జబ్బు, గాయం, మానసిక అనారోగ్యం లేదా వ్యసనంతో వచ్చిన రోగికి మైనర్ పిల్లలున్నారా అని ఆరోగ్య సిబ్బంది కనుక్కోవాలి, ఆ పిల్లలకు కావలసిన సమాచారం, తోడ్పాటు అందేలా చూడాలి. ఆస్పత్రుల్లో ఈ బాధ్యత చూసే ఉద్యోగులను ప్రత్యేకంగా నియమిస్తారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో 2011లో మొదలైన పద్ధతిలో, ఒక ఇంట్లో గృహహింస జరిగి పోలీసులు వెళితే, మర్నాడు బడి మొదలయ్యేలోపే ఆ సమాచారం పాఠశాలకు చేరుతుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2013లో వచ్చిన ఏర్పాటు ఇంకా సరళమైనది. ఏం జరిగిందో చెప్పరు, ఈ పిల్లవాడిని ఈ రోజు కాస్త జాగ్రత్తగా చూసుకోండి అని మాత్రమే బడికి కబురు పెడతారు. నాకు ఈ మూడింటిలో చివరిదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అందులో ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది.

అభ్యంతరాలు రాకపోవు. మా ఇంటి విషయాలు మీకెందుకని కొందరు అనవచ్చు, పిల్లలను తీసుకుపోతారేమోనని భయపడేవారూ ఉంటారు. అందుకే ఆ ప్రశ్న విచారణలా కాక పలకరింపులా ఉండాలి, జవాబు చెప్పడం వారి ఇష్టానికి వదలాలి, వారు సరేనంటేనే బడికి తెలపాలి. అడిగాక పంపడానికి సైకాలజిస్టులు ఎక్కడున్నారని అడిగేవారికి నా జవాబు ఏమిటంటే, చాలామంది పిల్లలకు ముందుగా అవసరమయ్యేది వైద్యం కాదు. వయసుకు తగిన నాలుగు నిజమైన మాటలు, ‘ఇది నీ వల్ల కాలేదు’ అన్న భరోసా, రేపు బడి నుంచి ఎవరు తీసుకొస్తారో తెలియడం, మామూలు వేళకు తిండి, నిద్ర, హోంవర్కులో కొన్నాళ్ల సడలింపు ఉంటే వాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. లక్షణాలు వారాల తరబడి తగ్గకపోతే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వస్తే ఆ క్షణం నుంచే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం తీసుకోవాలి.

బంధుమిత్రుల సాయం గురించీ ఒక మాట చెప్పాలి. ‘ఏం కావాలన్నా మొహమాటపడకు’ అని చెప్పి వెళ్లిపోయేవారు వరండాలో రోజూ కనిపిస్తారు. ఏం కావాలో ఆలోచించే స్థితిలోనే లేని మనిషికి ఆ మాట మరో బరువు. ‘ఈ వారమంతా సాయంత్రం పాపను బడి నుంచి నేను తీసుకొస్తాను’ అన్నవారి వల్ల ఒక తల్లి గంటసేపు కునుకు తీయగలిగింది. పెద్దవాళ్లు కాస్త తెరిపిన పడితేనే పిల్లల ముఖం వంక చూడగలుగుతారు. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం కూడా పెంపకం బాధ్యత తల్లిదండ్రులదేనంటూ, దాన్ని నెరవేర్చడానికి ప్రభుత్వాలు వారికి తగిన సాయం చేయాలని స్పష్టంగా చెబుతోంది.

కాబట్టి ఆస్పత్రులు తమ అడ్మిషన్ ఫారంలో పిల్లల గురించి రెండు వరుసలు చేర్చాలని, ఎవరితో మాట్లాడవచ్చో తెలిపే చీటీ ఒకటి డిశ్చార్జి కాగితాలతో కాక చేరిన రోజే ఇవ్వాలని, కుటుంబ న్యాయస్థానాలు, పోలీస్ స్టేషన్లు కూడా ఇదే పద్ధతి పాటించాలని కోరుతున్నాను. మీ పత్రిక సైతం ప్రమాదాలు, అప్పుల బాధలు, కుటుంబ విషాదాల వార్తలు ప్రచురించేటప్పుడు పిల్లల ఫొటోలు, బడి పేరు వేయడం మానుకుని, ఆ స్థలంలో బాలల సహాయవాణి నంబరు వేయాలని మనవి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు