నాన్న కోసం పరుగెత్తిన అందరికీ

నాన్నకి 67 ఏళ్లు. హిందూపురంలో టీచరుగా రిటైరయ్యాక బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు. పోయిన నెల ఇక్కడి మెదడు జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో తలకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, అన్నం తింటున్నారు, పేపర్ చదువుతున్నారు. అప్పుడు ఎవరి ఫోన్‌కీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

ముందుగా మా పైఇంటి అక్కకి. ఎనిమిది నెలలుగా నాన్న ఉన్నట్టుండి "ఎక్కడో పాలు మాడుతున్నాయి, చూడమ్మా" అనేవారు. స్టవ్ మీద ఏమీ ఉండేది కాదు. వెంటనే మాట ఆగిపోయేది. నోట్లో వక్క ఉన్నట్టు పెదాలు ఆడిస్తూ, కుడిచేత్తో చొక్కా గుండీ తడుముకుంటూ ఉండిపోయేవారు. కాసేపటికి మామూలే. మేం వయసు అనుకున్నాం. ఒకచోట చూపిస్తే గ్యాస్ మాత్రలు ఇచ్చారు, సీటీలో ఏమీ లేదన్నారు. అక్క ఒకసారి అది కళ్లారా చూసి, "ఇది మతిమరుపులా లేదు, ఈసారి వస్తే వీడియో తియ్యి" అంది.

40 సెకన్ల ఆ వీడియో చూడగానే న్యూరాలజీ డాక్టరు ఫిట్స్ అన్నారు. ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడమే అని మాకు తెలుసు. కణత వైపు ఉండే టెంపోరల్ లోబ్‌లో వచ్చేవి ఇలా లేని వాసనతో కూడా మొదలవుతాయట. ఈ వయసులో కొత్తగా ఫిట్స్ వస్తే కారణం వెతకాల్సిందే అని ఎమ్మారై రాశారు. కుడివైపు గడ్డ ఉంది.

స్కాన్‌కి ముందు ఎక్కించే కాంట్రాస్ట్ మందు గడ్డకి పట్టలేదు కాబట్టి లో గ్రేడ్, అంటే నెమ్మదిగా పెరిగేది, అయ్యుండొచ్చన్నారు. కానీ పెద్దవాళ్లలో స్కాన్‌లో నెమ్మదైనదిగా కనిపించే గడ్డ కూడా ముక్క పరీక్షలో గ్లియోబ్లాస్టోమా, అంటే చాలా వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్, అని తేలొచ్చట. ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అమ్మకి తెలుగు తప్ప రాదు. మన సీమ తెలుగులోనే మాట్లాడే ఒక జూనియర్ డాక్టరు, పేరు కూడా అడగలేకపోయాను, బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని, "దాచేదేం లేదమ్మా, తెలిసినంత వరకే చెప్తా" అని అంతా విడమరిచి చెప్పారు. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది.

రిపోర్టులో ఒలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడ్ 2 అని, అంటే నెమ్మదిగా పెరిగే రకమే అని వచ్చింది. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంది, 1పీ, 19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు పోయాయి అని ఉంటే "పోయాయి" అన్న మాటకే నా గుండె జారింది. అవి పోవడమే మంచిదట, ఆ రకం గడ్డ చికిత్సకి బాగా లొంగుతుందని డాక్టరు చెప్పాక ఏడ్చేశాను. మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఆ పేరు తేల్చినవాళ్లని మేం చూడనే లేదు. వాళ్లకీ దండం.

రక్తం ఇచ్చిన మా ఊరి తమ్ముళ్లకి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ మొదలవక ముందే ఓపీ క్యూలో ఉండాలని తెల్లవారుజామున కారు తీసిన అన్నకి రుణపడి ఉంటాం.

ఫిట్స్ మాత్రలు నడుస్తున్నాయి. మూడు నెలలకి మళ్లీ ఎమ్మారై. నిన్న నిజంగానే పాలు మాడాయి. అమ్మ స్టవ్ ఆపకుండా ముందు నాన్న మొహంలోకి చూసింది.

చూడాలనుకునేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక రండి, మధ్యాహ్నం నిద్రపోతారు.