నాగాల పూర్వీకులను ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంటికి తీసుకురండి

సంపాదకులు గారికి నమస్కారం.

2024 అక్టోబరులో ఇంగ్లండులోని ఒక వేలం సంస్థ కొమ్ములు అమర్చిన నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగా సంఘాలు మండిపడ్డాయి. నాగాలాండ్ ముఖ్యమంత్రి నీఫియూ రియో విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. చివరికి దాన్ని వేలం నుంచి తీసేశారు. అందరం అక్కడితో ఆ సంగతి మర్చిపోయాం. కానీ అదే దేశంలో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పిట్ రివర్స్ మ్యూజియంలో నాగాల పుర్రెలు, ఎముకలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

ఆ మ్యూజియం 1884లో మొదలైంది. ప్రపంచంలో నాగా వస్తువులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆరు వేలకు పైగా ఉంటాయి. వాటిలో పెద్ద భాగం జె.హెచ్. హట్టన్, జె.పి. మిల్స్ అనే ఇద్దరి ద్వారా చేరింది. ఇద్దరూ నాగా కొండల్లో బ్రిటిష్ ప్రభుత్వ అధికారులు. పన్ను వేసేదీ వాళ్లే, తగువు తీర్చేదీ వాళ్లే, మాట వినని ఊరి మీదికి సిపాయిలను నడిపించేదీ వాళ్లే. అలాంటి దొర వచ్చి ఒక వస్తువు కావాలని అడిగితే కుదరదని చెప్పగలిగే ఊరిపెద్ద ఎవరు? రికార్డులో కానుక అని ఉన్నా, కొన్నది అని ఉన్నా నాకు ఆ మాట మీద నమ్మకం కుదరదు.

1936లో మిల్స్ పాంగ్షా అనే ఊరి మీదికి దండు తీసుకెళ్లాడు. ఊరిని తగలబెట్టారు. ఆ దండుతో పాటు వెళ్లిన మానవశాస్త్రవేత్త, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి వాళ్ల భూముల కోసం పాటుపడిన హైమన్‌డార్ఫ్. ఆ ప్రయాణంలో ఆయన కొన్ని పుర్రెలను తెచ్చుకున్నాడు. మనం ఎంతో గౌరవించే మనిషి గురించి ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆయన మంచివాడా కాదా అన్నది నా ప్రశ్న కాదు. అంత మంచి మనసున్న వాడికి కూడా ఆ కాలంలో నాగా పుర్రె ఒక సేకరణ వస్తువుగానే కనిపించిందంటే, మిగతా వాళ్ల సంగతి చెప్పాలా? ఆయన భార్య బెట్టీకి మార్లవాయి అనే గోండుల ఊళ్లో గోండులు తమ నేల మీద సమాధి కట్టారు. ఆయన అస్థికలూ అక్కడికే చేరాయి. పరాయి దేశం వాళ్లకు మన దగ్గర దక్కిన ఆ చోటు నాగాల పెద్దలకు సొంత కొండల్లో దక్కలేదు.

పిట్ రివర్స్‌లో శత్రువుల శవాలను ఏం చేసేవారో చూపే అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులో దక్షిణ అమెరికా తలలతో పాటు నాగా తలలు కూడా ఏళ్ల తరబడి ఉన్నాయి. బడిపిల్లలు వాటి ముందు గుమిగూడేవారు. 2020లో మ్యూజియమే ఆ బీరువాను ఖాళీ చేసి, మొత్తం 120 మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. మంచి పనే చేసింది. కానీ అద్దాల వెనక నుంచి గోదాములోకి మారినంత మాత్రాన ఇంటికి వచ్చినట్టు కాదు.

'ఆ తలలు నరికింది నాగాలే కదా' అని కొందరు అంటారు. నిజమే, పూర్వం ఊళ్ల మధ్య పోరులో తలలు తీసే ఆచారం ఉండేది. అందుకే కొన్ని పుర్రెల విషయంలో చిక్కు ఉంది: తల పోగొట్టుకున్నది ఒక ఊరు, దాన్ని దాచుకున్నది ఇంకో ఊరు. ఎవరికి అప్పగించాలి, పాతిపెట్టాలా, ఏ ప్రార్థన చేయాలి? ఇప్పుడు నాగాల్లో ఎక్కువ మంది క్రైస్తవులు కాబట్టి ఈ ప్రశ్న ఇంకా బరువైంది. అయితే దీనికి జవాబు చెప్పుకోవలసింది వాళ్లే గానీ ఆక్స్‌ఫర్డ్ కాదు, మనమూ కాదు. ఫోరం ఫర్ నాగా రీకన్సిలియేషన్ అనే సంస్థ 2020 నుంచి ఊరూరా పెద్దలతో మాట్లాడుతోంది. 2025 జూన్‌లో నాగా బృందం ఆక్స్‌ఫర్డ్ వెళ్లి తమ పూర్వీకుల అవశేషాలను కళ్లారా చూసింది. ఆ గదిలో నిలబడ్డ వాళ్ల గుండె ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటేనే నాకు మాట రావడం లేదు.

ఇక మన ప్రభుత్వం సంగతి. 2025 మేలో హాంకాంగ్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో బుద్ధుడి ధాతువులతో (అస్థికలతో) పాటు దొరికిన రత్నాలు వేలానికి వస్తే కేంద్రం నోటీసు పంపి ఆపించింది. జూలైకల్లా అవి దేశానికి తిరిగొచ్చాయి. అంటే తలుచుకుంటే పని జరుగుతుంది. న్యూజిలాండ్ ప్రభుత్వమైతే అక్కడి ఆదివాసులైన మావోరీల పూర్వీకుల అవశేషాలను వెతికి వెనక్కి తెచ్చే పనిని 2003లో తన జాతీయ మ్యూజియానికి అప్పగించింది. ఖర్చు ప్రభుత్వానిది. నాగాల విషయంలో మాత్రం భారమంతా ఒక పౌర సంఘం మీద, కొందరు పరిశోధకుల మీద పడింది.

కేంద్రం బ్రిటన్‌ను అధికారికంగా అడగాలి. రవాణా ఖర్చు, కాగితాల పని తన మీద వేసుకోవాలి. ఎప్పుడు తేవాలి, ఎక్కడ ఉంచాలి అన్న నిర్ణయాన్ని మాత్రం నాగా పెద్దలకే వదిలిపెట్టాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా దీని మీద పార్లమెంటులో ప్రశ్న వేయాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా నాగాల గురించి రాసేటప్పుడు 'తలల వేటగాళ్లు' అనే పాత మాటను దయచేసి వాడవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ చరిత్ర లెక్చరర్