ఇక మన స్టూడియోలో గ్రీన్ క్లాత్ ఉండదు

గ్రీన్ మ్యాట్ బుకింగులు ఎందుకు ఆపేశానని చాలామంది అడుగుతున్నారు. గ్రీన్ మ్యాట్ అంటే నటుల వెనక ఉండే పచ్చ తెర, తర్వాత కంప్యూటర్‌లో ఆ పచ్చ తీసేసి అక్కడ వేరే దృశ్యం పెడతారు. రిపేర్లని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మొదటి షార్ట్ ఫిల్మ్ నుంచీ ఇక్కడే తీస్తున్నవాళ్లున్నారు, వాళ్ల దగ్గర దాపరికం ఎందుకు?

పాత క్లాత్ వెలిసిపోయిందని కొత్తది ఆర్డర్ ఇచ్చాను. శాంపిల్‌గా వచ్చిన ముక్క మందంగా, మెరుపు లేకుండా భేషుగ్గా ఉంది. సప్లయర్ మాత్రం చెప్పిన తేదీ దాటించి, సరిగ్గా ఒక స్టూడెంట్ టీమ్ షూటింగ్ ఉన్న రోజు పొద్దున సరుకు దింపాడు. ఆ పిల్లలు అప్పటికే ఔట్‌డోర్‌లో ఉన్నారు. బస్సు కిటికీలోంచి కదిలే రోడ్డును తీసుకుని మధ్యాహ్నానికి వచ్చి, హీరోయిన్‌ను మ్యాట్ ముందు కిటికీ ఫ్రేమ్ పక్కన కూర్చోబెట్టాలి. డైరెక్టర్ అమ్మాయి నోట్‌బుక్ చూస్తే ముచ్చటేసింది. ఏ లెన్స్ వాడారో, కెమెరా ఎంత ఎత్తులో ఉందో, ఎండ ఏ వైపు నుంచి పడిందో షాట్‌వారీగా రాసుకుంది. పెద్ద షూటింగుల్లోనూ ఇది మరిచిపోయేవాళ్లను చూశాను.

క్లాత్ కట్టి లైట్లు వేశాం. మ్యాట్ ఒక్కటే ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు వేవ్‌ఫామ్‌లో, అంటే వెలుతురు హెచ్చుతగ్గులు చూపే గ్రాఫ్‌లో, గీత దాదాపు సాపుగా రావాలి. ఇక్కడ నడిమధ్యలో మెట్టులా దిగింది. కుడి లైటు ఎడమకు మార్చినా మెట్టు అక్కడే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే సంగతి తెలిసింది: రెండు వేర్వేరు రంగు తానులను కలిపి కుట్టారు. ఒక సగం ముదురు, ఒక సగం లేత. పైగా శాటిన్‌లా మెరుస్తోంది, కెమెరా జరిగితే తెల్లటి మచ్చ కూడా జరుగుతోంది. ల్యాప్‌టాప్‌లో కీ చేసి, అంటే పచ్చను తీసేసి చూశాను. ఎడమ వైపు పచ్చ శుభ్రంగా పోయేలా పెడితే కుడి వైపు పొరలా మిగిలింది. అది కూడా పోయేదాకా లాగితే ఫ్యాన్ గాలికి ఎగిరే జుట్టు కొసలు మాయమయ్యాయి.

"పర్లేదన్నా, సీజీలో చూసుకుంటాం" అన్నారు పిల్లలు. హీరోయిన్‌కు మర్నాడు పరీక్ష, కెమెరా సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. సరేనంటే నా అద్దె నాకొస్తుంది, వాళ్ల షూటింగ్ అయిపోతుంది. బయటికెళ్లి చాలాసేపు నిలబడ్డాను. చూసుకునేది ఎవరో నాకు తెలుసు. మూలన బ్యాటరీలు చార్జింగ్ పెడుతూ కూర్చున్న ఎడిటర్ కుర్రాడు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్క నిమిషానికి 1,500 ఫ్రేములు. జుట్టు చుట్టూ ఒక్కో ఫ్రేమూ చేత్తో గీసుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత సినిమా చూసినవాళ్లు ఎడిటింగ్ బాలేదంటారు తప్ప క్లాత్ బాలేదని ఎవరూ అనరు. లోపలికొచ్చి ప్యాకప్ చెప్పేశాను. అద్దె, లైట్ల డబ్బు మొత్తం వెనక్కిచ్చాను. ఆ అమ్మాయి నాతో గట్టిగానే గొడవపడింది, ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు. రేపు మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ప్యాకప్పే చెబుతాను.

సప్లయర్‌ను అడిగితే వచ్చిన జవాబు: "కెమెరాకు ఏం తెలుస్తుంది సార్, పచ్చ పచ్చే!" ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నాతో అనాల్సిన మాటేనా అది? మామూలు కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు పచ్చవి, ఎరుపుకు ఒకటి, నీలానికి ఒకటి. కెమెరాకు అన్నిటికంటే బాగా తెలిసిన రంగే అది. డిజిటల్ వచ్చాక నీలం మ్యాట్ పక్కకు జరిగి గ్రీన్ మ్యాట్ ఇంతగా వాడుకలోకి రావడానికి అదీ ఒక కారణం.

అందుకే క్లాత్ గొడవే వద్దనుకున్నాను. వెనక గోడకు, నేలకు మెరుపు లేని పచ్చ పెయింట్ వేయిస్తున్నాను. గోడా నేలా కలిసే మూల వంపు తిప్పించాం, నీడ గీత పడదు. నటులు గోడకు కనీసం 8 అడుగుల దూరంలో నిలబడే చోటుంది, పచ్చ వెలుతురు భుజాల మీద పడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. చెప్పులు మాత్రం బయటే. పచ్చ బట్టల సీన్లకు పాత నీలం క్లాత్ ఉంది, అది బాగానే ఉంది. ఔట్‌డోర్ లైట్లు, స్టాండ్ల అద్దెలో మార్పేమీ లేదు. బుకింగ్ ఉన్నవాళ్లందరికీ కొత్త తేదీలు నేనే ఫోన్ చేసి చెబుతాను.

పెయింట్ ఆరగానే మొదటి రోజు ఆ బస్సు సీన్ పిల్లలది. అద్దె లేదు. డైరెక్టర్ గారు ఫోన్ ఎత్తకపోతే ఎడిటర్‌తో కబురు పంపుతాను.

సప్లయర్ ఇప్పుడు వేరే క్లాత్ పంపిస్తానంటున్నాడు. నాకు అక్కర్లేదు. వాళ్ల సరుకు వాళ్లు తీసుకెళ్లేదాకా గుమ్మం పక్కనే వేలాడుతుంది, కుట్టు బయటికి కనిపించేలా.