ఈ మాఘం నుంచి మా మెనూలో 16 ఐటమ్సే

మా దగ్గర భోజనాలు చెప్పుకున్నవాళ్లకీ, చెప్పుకుందామని ఫోన్లు చేస్తున్నవాళ్లకీ అందరికీ నమస్కారమండి. వచ్చే మాఘమాసం ముహూర్తాల నుంచి మా క్యాటరింగ్‌లో కొన్ని పద్ధతులు మారుస్తున్నాం. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతుంటే సగం మాట అటూ సగం మాట ఇటూ అయిపోయి, "ఏంటండీ, ఐటమ్స్ తగ్గించేసి రేటు పెంచేశారంట" అని తిరిగి మాకే వినిపిస్తోంది. అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి. ఒక పూట భోజనానికి 16 ఐటమ్స్ దాటితే మేం ఆర్డరు తీసుకోం. ఉప్పు, నెయ్యి, అప్పడం, వడియాలు లెక్కలోకి రావు. నాన్‌వెజ్ విందు అయితే అందులో మాంసం వంటకాలు రెండే. మంచినీళ్లకి చిన్న ప్లాస్టిక్ బాటిళ్లు పెట్టం. బఫే కావాలంటే చేస్తాం గానీ, మా మొదటి మాట బంతి భోజనమే. రాజమండ్రిలో అయినా, కొవ్వూరు, మండపేట, రావులపాలెం వైపు అయినా ఇదే పద్ధతి.

ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఫంక్షన్ హాలు వెనక్కి తీసుకెళ్లాలి. పెళ్లికి వచ్చినవాళ్లు అటు రారు, రావాల్సిన పని కూడా లేదు. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా ఉంటాయి, ప్లేట్లలో మిగిలింది అందులో దులుపుతారు. ఒకసారి దాంట్లోకి తొంగి చూడండి. పైన రుమాలి రోటీ, మడత కూడా విప్పలేదు. దాని పక్కన ఒక్క కొరుకు కొరికి వదిలేసిన గులాబ్ జామున్‌లు, పాకం ఇంకా కారుతూ. వెజ్ బిర్యానీ మీద ఫ్రైడ్ రైస్, దాని మీద నూడుల్స్, వాటి మధ్య పనీర్ ముక్కలు. పెరుగన్నంలో కూరుకుపోయిన ప్లాస్టిక్ చెంచాలు, పళ్లపుల్లలు, సగం తాగి మూత పెట్టేసిన నీళ్ల బాటిళ్లు. రాత్రి పదకొండింటికి పందులు పెంచుకునేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. కానీ చెంచాలూ, పుల్లలూ ఏరుకోవడం వాళ్ల వల్ల అవుతుందా? అందుకని చాలాసార్లు సగం డ్రమ్ము అక్కడే వదిలేసి వెళ్తారు, తెల్లారి అది చెత్తబండి ఎక్కుతుంది. చెత్తకుప్పలో పడ్డ అన్నం ఊరికే మట్టిలో కలిసిపోదు. అడుగున గాలి తగలక కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది, భూమి వేడెక్కడానికి అదొక ముఖ్య కారణం.

దీనికి తినేవాళ్లని తిట్టడం మన దగ్గర అలవాటు. "జనాలకి బుద్ధి లేదండీ, వేసుకోవడం దేనికి, పారేయడం దేనికి" అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. లెక్క చూడండి. ఎంత ఆకలి మీదున్నా మనిషి పెళ్లి భోజనంలో అరకిలో, మహా అయితే ముప్పావు కిలో తింటాడు. 40 ఐటమ్స్ ఉన్న మెనూలో ఒక్కొక్కటీ రుచి చూద్దామని 30 గ్రాములు, అంటే రెండు చెంచాలు వేసుకున్నా 1,200 గ్రాములు అవుతుంది. అంటే ఎవరూ అత్యాశకి పోకుండా, తప్పేమీ చేయకుండా కూడా ప్లేటులో సగం మిగిలిపోయేలా మెనూయే తయారవుతోంది. పిలిచినవాళ్లు అంత ప్రేమగా 40 రకాలు పెడితే రుచి చూడకుండా ఎలా ఉంటారు?

అది విస్తట్లో మిగిలేది. గిన్నెల్లో మిగిలేది ఇంకో రకం, అది మీకు అసలు కనిపించదు. 500 మందికి వంట అనుకోండి. కూరలు రెండే ఉంటే ఎంత పోతుందో మా వంట మాస్టర్ కళ్లు మూసుకుని చెప్పగలడు. అదే ఎనిమిది కూరలుంటే ఎవరు ఏ కూర దగ్గర ఆగుతారో ఎవరికి తెలుసు? బెండకాయ వేపుడు అందరికీ నచ్చొచ్చు, పనసపొట్టు కూర ఎవరూ ముట్టుకోకపోవచ్చు. ఏది అయిపోయినా పరువు పోతుంది. "ఫలానా వాళ్ల పెళ్లిలో కూర చాల్లేదంట" అన్న మాట ఊళ్లో పదేళ్లు తిరుగుతుంది. ఆ భయంతో ప్రతి ఐటమూ సగం మంది పైగా తింటారన్నట్టే వండుతారు. ఇది క్యాటరింగ్ చేసే ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే. మిగలడం అనేది ఏదో ప్రమాదం కాదు, మిగలాలనే వండుతాం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. తినేవాళ్లకి అందుబాటులోకి వచ్చిన ఆహారంలో అది 19 శాతం. ఇంత పెద్ద అంకెలు విన్నప్పుడు మనకేమీ అనిపించదు, నాకూ అంతే. నాకు తగిలేది మన డెల్టా లెక్క. కిలో బియ్యం పండటానికి ప్రపంచ సగటున సుమారు 2,500 లీటర్ల నీళ్లు పడతాయి. ఒక పెళ్లిలో 50 కిలోల బియ్యం అన్నం పారేస్తే 1,25,000 లీటర్లు పారబోసినట్టే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు దాళ్వాలో, అంటే రబీ పంటకి, శివారు పొలాలకి వంతులవారీగా ఇస్తారు, రైతులు రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని కాలవ గట్ల మీద కాపలా కాస్తారు. ఆ పక్క ఊళ్లోనే కల్యాణమండపంలో అన్నం డ్రమ్ముల్లో పోస్తాం. ఇది నేను చూస్తూ ఊరుకోలేని విషయం.

నాన్‌వెజ్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఈ మధ్య రిసెప్షన్లలో చికెన్ రెండు రకాలు, మటన్, రొయ్యలు, కొర్రమీను పులుసు, పీతలు, నాటుకోడి అన్నీ ఒకే బల్ల మీద ఉంటున్నాయి. మాంసం తినడం తప్పని నేను అనను, మా ఇంట్లో మేమూ తింటాం. కానీ ఒక ప్రాణం తీసి, దాన్ని రెండు గంటలు ఉడికించి, మసాలా పెట్టి, ఒక ముక్క కొరికి పారేస్తే ఆ ప్రాణానికి ఏం విలువ ఇచ్చినట్టు? వేటపోతుని కోసేటప్పుడు దగ్గరుండి చూసినవాళ్లెవరూ ముక్క పారేయరు. రెండు రకాలు చేద్దాం, బ్రహ్మాండంగా చేద్దాం, కడుపునిండా తిందాం.

"మిగిలితే అనాథాశ్రమానికి ఇచ్చేద్దాం లెండి" అని దాదాపు ప్రతి కస్టమరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు, అందుకే దీని గురించి విడమరిచి చెప్పాలి. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా అయినా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగా అయినా ఉండాలి. ఈ రెండింటి మధ్య గంటల తరబడి ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంతో ఇంకో చిక్కు ఉంది. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వంట వేడికి కూడా పూర్తిగా చావదు, ఆ తర్వాత అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. బఫే బల్ల మీద సాయంత్రం ఏడింటి నుంచి మూతలు తీసి, అందరి గరిటెలూ పడి, ఫ్యాన్ కింద ఆరిన బిర్యానీని రాత్రి పదకొండున్నరకి పిల్లలున్న చోటికి పంపించడం దానం కాదు. వాళ్లకి వాంతులైతే అడిగే నాథుడు ఉండడనే ధైర్యం మనది. మిగులు ఆహారం పంచడానికి 2019లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రత్యేకంగా నిబంధనలే తెచ్చింది.

ఇక మీదట మేం చేసేది ఇది. రెండో బంతి నడుస్తుండగానే ఎంతమంది ఇంకా రావాలో లెక్క చూసుకుని, బయటికి తీయని గుండిగల్లో అన్నం, పప్పు, కూర వేడి మీద ఉండగానే పక్కన పెట్టి మూత బిగిస్తాం. ఊళ్లో పంచిపెట్టే కుర్రాళ్లకి అప్పుడే ఫోన్ చేస్తాం. బల్ల మీద పెట్టింది మాత్రం ఎవరికీ పంపం, ఎంత బతిమాలినా పంపం.

నీళ్ల బాటిళ్ల సంగతి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధమే. బాటిళ్లు ఆ జాబితాలో లేవు, అందుకే అవి ఇంకా రాజ్యమేలుతున్నాయి. ఒక్కొక్కరు రెండు మూతలు తీస్తారు, నాలుగు గుక్కలు తాగి కుర్చీ కింద పెడతారు. మేం 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు, నీళ్లు పోయడానికి మనుషుల్ని పెడతాం. కాచిన నీళ్లే తాగే పెద్దవాళ్లు ఉంటే ముందే చెప్పండి, ఫ్లాస్కుల్లో విడిగా ఉంచుతాం. ప్లేట్లకి బదులు అరటాకు, దొరకని రోజుల్లో మన్యం నుంచి వచ్చే అడ్డాకుల విస్తర్లు. తిన్న ఆకులో పుల్ల గానీ ప్లాస్టిక్ గానీ కలవకపోతే అది నేరుగా ఎరువు గుంటలోకి పోతుంది, గేదెలు తిన్నా భయం లేదు.

బంతి భోజనం పెడితే చాలు వృథా ఉండదు అని కూడా నేను అబద్ధం చెప్పను. మన గోదావరి జిల్లాల్లో కొసరి కొసరి వడ్డించే మర్యాద ఒకటుంది కదా. తినే పెద్దాయన పాపం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "వద్దు బాబూ, షుగరు" అంటున్నా, పెళ్లికూతురి మేనమామ వెనకాల నిలబడి "అలా కాదు, ఇంకో రెండు బూరెలు వెయ్యరా" అంటాడు. వేసేసరికి ఆయన మొహమాటానికి ఒకటి కొరుకుతాడు. మా కుర్రాళ్లకి గట్టిగా చెప్పాం, అడిగి వడ్డించండి, కొంచెం కొంచెం వడ్డించండి, ఎన్నిసార్లయినా తిరిగి రండి అని. మీ ఇంటి పెద్దలు కూడా ఆ ఒక్క పూటకి మాకు సాయం చేయాలి. పిల్లలకి చిన్న ఆకులు వేస్తాం, గారె సగం వేస్తాం. తిన్నాక ఇంకో సగం అడిగితే అది మాకు పండగే.

మర్యాద అంటే గుర్తొచ్చింది. ఐటమ్స్ తగ్గించమంటే చాలామంది "గోదావరి వాళ్లమండీ, తక్కువ పెడితే నామర్దా" అంటారు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు పెట్టారని పేపర్లలో వచ్చాక ఇది మరీ పోటీ అయిపోయింది. కానీ గోదావరి మర్యాదకి పేరు తెచ్చింది ఎవరండీ? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. ఆవిడ 1909లో పోయారు, ఇన్నేళ్ల తర్వాత 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టింది. ఆవిడ ఎన్ని రకాలు పెట్టారని ఎవరైనా చెప్పుకుంటారా? ఏ వేళ వచ్చినా, ఎవరొచ్చినా ఆకలితో పంపలేదని చెప్పుకుంటారు.

ఇప్పుడు డబ్బుల సంగతి, ఎందుకంటే అడిగేది అదే. ఐటమ్స్ తగ్గితే మాకేదో మిగులుతుందనుకుంటున్నారు. ఈ వ్యాపారంలో లాభం ఐటమ్స్ పెరిగే కొద్దీ పెరుగుతుంది. స్టార్టర్లు, చాట్ కౌంటరు, లైవ్ దోశ, ఐస్‌క్రీమ్‌లో నాలుగు రకాలు, వీటి మీదే మిగిలేది. అవి పోతే ప్లేటు మీద మాకొచ్చేది తగ్గుతుంది. ఇటు బంతికి వడ్డించేవాళ్లు ఎక్కువమంది కావాలి, గ్లాసులు కడగడానికి మనుషులు కావాలి. అందుకని మీ ప్లేటు రేటు తగ్గుతుంది గానీ సగానికి సగం తగ్గదు, సుమారు ఐదో వంతు తగ్గుతుంది. కొన్ని పెద్ద ఆర్డర్లు ఇప్పటికే వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. ఆ టెన్షన్ మాకుంది, లేదని చెప్పను, అయినా వెనక్కి వెళ్లం.

ఇంకొకటి, మా పనివాళ్ల గురించి. 40 ఐటమ్స్ పెళ్లంటే మా మాస్టర్, హెల్పర్లు అర్ధరాత్రి దాటగానే పొయ్యిల దగ్గర నిలబడాలి. కూరగాయలు తరిగే ఆడవాళ్లు అంతకు ముందు సాయంత్రమే కత్తిపీటల ముందు కూర్చోవాలి. వాళ్లు నిద్ర మానుకుని చేసిన కూరని గుండిగలకి గుండిగలు డ్రమ్ములో వంపే పని కూడా మళ్లీ వాళ్లదే. ఆ వంపేటప్పుడు వాళ్ల మొహాలు చూడలేం. 16 ఐటమ్స్ అయితే నాలుగింటికి మొదలుపెట్టినా చాలు, మిగిలిన శ్రద్ధంతా రుచి మీద పెట్టొచ్చు. ముద్దపప్పు, గుత్తివంకాయ, దప్పళం, పులిహోర, కొత్తావకాయ, పూర్ణం బూరె, గడ్డపెరుగు తిని లేచినవాళ్లలో రుమాలి రోటీ లేదేమని అడిగినవాళ్లు మాకు ఇంతవరకు తగల్లేదు.

ఆర్డరు ఇచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కార్డులు ఎన్ని పంచారో కాదు, ఎంతమంది వస్తారో ముహూర్తానికి మూడు రోజుల ముందు చెప్పండి. దానిమీద పది శాతం మేమే ఎక్కువ వండుతాం, చాల్లేదనే మాట రానివ్వం. ఒకవేళ అనుకోకుండా జనం పెరిగితే అన్నం, పప్పు, సాంబారు, వేపుడు అరగంటలో మళ్లీ దించడానికి సరుకూ, పొయ్యీ సిద్ధంగా ఉంచుతాం.

మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి ఒప్పుకున్న మెనూ ఒప్పుకున్నట్టే చేస్తాం, అందులో మాట తప్పం. మీరే తగ్గించుకుంటామంటే మాత్రం తేడా డబ్బులు లెక్కగట్టి వెనక్కి ఇచ్చేస్తాం. ఉదయం పదకొండు లోపు ఫోన్ చేయండి, ఆ తర్వాత వడ్డన దగ్గర ఉంటాం కాబట్టి ఎత్తడం కష్టం.