గౌతమి గట్టు నుంచి గిమే గ్రంథాలయం దాకా: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పనులను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. మామూలు సంగతులు ముందుగా చెప్పేస్తాను. వరద రోజులు మినహా మన చదువుల గది ఏడాదంతా తెరిచే ఉంది. సంక్రాంతికి ముగ్గుల పోటీలు, పిల్లలకు వక్తృత్వ పోటీలు జరిగాయి. చందాలు, ఖర్చుల లెక్క వేరే కాగితంలో ఉంది, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు.

ఈ ఏడు మేం ఎక్కువ ఇష్టంగా చేసిన పని ఆదివారం సాయంత్రాల చర్చలు. ఎంచుకున్న విషయం పారిస్‌లోని గిమే మ్యూజియం గ్రంథాలయం చరిత్ర. ఆసియా కళకు సంబంధించి ఐరోపాలో పేరున్న పుస్తక భాండారాల్లో అదొకటి. యానాంలో కూర్చుని పారిస్‌లో ఉన్న పుస్తకాల గది గొడవ మనకెందుకని కొందరు సభ్యులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 1723లో ఫ్రెంచివాళ్లు మొదటిసారి ఇక్కడ వర్తకానికి దిగారు. 1954 జూన్‌లో వాళ్ల పాలన ముగిసింది. మన తాతల పుట్టుకలూ పెళ్లిళ్లూ ఫ్రెంచి చిట్టాల్లోకి ఎక్కాయి. ఆ భాష చదివి అర్థం చెప్పగల పెద్దలు మన మధ్య కొద్దిమందే మిగిలారు. వాళ్లుండగానే ఆ భాషలోంచి మనకు పనికొచ్చేది తెచ్చుకోవాలని కార్యవర్గం అనుకుంది.

కథ నీలిమందుతో మొదలవుతుంది. పంచెలకు నీలం పెట్టడం తెలియని ఇల్లు ఒకప్పుడు మన దగ్గర లేదు. అసలైన నీలం రంగు ఆఫ్ఘనిస్తాన్ గనుల్లో దొరికే లాజవర్దం రాయి నుంచి వచ్చేది, చాలా ఖరీదు. దానికి సాటివచ్చే రంగు తయారుచేసిన వాళ్లకు 6,000 ఫ్రాంకులు ఇస్తామని 1824లో ఫ్రాన్సులో ప్రకటించారు. జాన్ బాప్తీస్త్ గిమే అనే రసాయన శాస్త్రవేత్త ఆ బహుమతి గెలిచి, లియాన్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ రంగు బట్టలు తెల్లబరచడానికీ పనికొచ్చింది. కొడుకు ఎమీల్ గిమే 1836లో పుట్టాడు. ఫ్యాక్టరీ ఆదాయాన్ని దేవుళ్లను తెలుసుకోవడానికి ఖర్చుపెట్టాడు.

1876లో చిత్రకారుడు ఫెలిక్స్ రెగామేతో కలిసి ఎమీల్ జపాన్, చైనా, సింహళం, దక్షిణ భారతం తిరిగాడు. 1868 తర్వాత జపాన్‌లో బౌద్ధానికి ప్రభుత్వ అండ పోయి, గుడుల్లో విగ్రహాలు అమ్మకానికి వచ్చిన రోజులవి. అతను సుమారు 300 చిత్రాలు, 600 విగ్రహాలు పోగుచేశాడు. మమ్మల్ని ఆకట్టుకున్నది వేరే సంగతి. వాటితో పాటు వెయ్యి దాకా పుస్తకాలు కూడా తెచ్చాడు. క్యోటోలో పూజారులను, భిక్షువులను కూర్చోబెట్టి, ఈ దేవుడెవరు, ఈ ముద్రకు అర్థమేమిటి అని అడిగి జవాబులు రాయించుకున్నాడు. విగ్రహాలు కొనేవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. వాటి గురించి తెలిసినవాళ్లను అడిగిన ధనవంతుడు మాత్రం అరుదు.

1879లో లియాన్‌లో మ్యూజియం తెరిచినప్పుడే దానికి గ్రంథాలయం కూడా కట్టాడు. జపాన్ నుంచి కుర్రవాళ్లను రప్పించి గ్రంథాలు అనువదింపజేశాడు. 1880 నుంచి మ్యూజియం తరఫున పరిశోధన సంపుటాలు అచ్చయ్యాయి. తర్వాత తన సేకరణనంతా ప్రభుత్వానికి ఇచ్చాడు. 1889 నవంబరులో, ఈఫిల్ టవర్ నిలిచిన ఏడాదే, పారిస్‌లో కొత్త భవనం తెరుచుకుంది. ఆ భవనం మూలన ఉన్న గుండ్రటి గదే గ్రంథాలయం. చుట్టూ కర్ర బీరువాలు, పైన కప్పు మోస్తున్నట్టు నిలబడ్డ స్త్రీరూప స్తంభాలు. 1891లో జపాన్ భిక్షువులు, 1898లో అగ్వాన్ దోర్జియెవ్ అనే బురియాత్ (సైబీరియాలోని ఒక జాతి) లామా ఆ గదిలోనే పూజలు చేశారు. పుస్తకాల మధ్య దీపం వెలిగించి మంత్రం చదివిన ఆ దృశ్యం విన్నప్పుడు మన పెద్దలు కాసేపు మాట్లాడలేదు.

ఆ గదిలోనే 1905 మార్చి 13న ఇంకొకటి జరిగింది. స్తంభాలకు పూలు చుట్టి, శివుడి విగ్రహం పెట్టి, మాతా హరి అని పేరు పెట్టుకున్న డచ్చి స్త్రీ చేత 'భారతీయ దేవాలయ నృత్యం' చేయించారు. ఆమె జావాలో కొన్నాళ్లు కాపురముంది, అంతకుమించి మన నాట్యంతో ఆమెకు సంబంధం లేదు. ఆ సభ గ్రంథాలయంలో జరగబట్టే జనం నమ్మారు. దీనిమీద రెండు ఆదివారాలు చర్చ నడిచింది. నా అభిప్రాయం దాచుకోను. క్యోటోలో అడిగి రాసుకున్న గిమేనే ఆ రోజు అడగడం మానేశాడు. సరిగ్గా అదే కాలంలో మన ముమ్మిడివరంలో, బల్లిపాడులో దేవాలయ నృత్యం తెలిసిన కళావంతులు అభినయం చేస్తున్నారు. 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక గుడిలో ఆ ఆట ఆగింది. తర్వాత ఎన్నో ఏళ్లకు నటరాజ రామకృష్ణ గారు బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ గారి వంటి పెద్దల దగ్గర కూర్చుని, ఆంధ్రనాట్యం పేరుతో దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ తల్లుల్ని అడిగి రాసుకున్న పుస్తకం ఒక్కటి ఆ గుండ్రటి గదిలో ఉండి ఉంటే అని మాకు అనిపించకుండా ఎలా ఉంటుంది?

తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1918లో గిమే పోయాడు. మతాల మ్యూజియంగా మొదలైనది మెల్లగా ఆసియా కళల మ్యూజియంగా మారింది. విక్టర్ గొలుబెవ్ ఇచ్చిన భారతదేశపు ఫోటోలతో ఛాయాచిత్ర భాండారం ఏర్పడింది. మ్యూజియం బాధ్యత చూసిన జోసెఫ్ హకిన్, ఆయన భార్య 1941లో యుద్ధకాలంలో ఓడ మునిగి ప్రాణాలు కోల్పోయారు. 1945లో పారిస్‌లోనే ఉన్న పెద్ద మ్యూజియం లూవ్ర్‌లోని ఆసియా వస్తువులు ఇక్కడికి చేరాయి. మన కృష్ణా తీరం అమరావతి శైలి శిల్పాలూ అక్కడ ఉన్నాయి. 2001లో భవనం బాగుచేసి మళ్లీ తెరిచారు. గుండ్రటి గది మాత్రం పాత రూపంతోనే ఉంది.

ఈ చర్చలు మాటలతో ఆగిపోలేదు. చలికాలంలో బిక్కవోలు వెళ్లి తూర్పు చాళుక్యుల కాలపు గుడులు చూశాం. మరో ఆదివారం ఆదుర్రు బౌద్ధస్తూపానికి వెళ్లాం. రెండు చోట్లా ఫోటోలు తీసినవాళ్లు ఎక్కువ, రాసుకున్నవాళ్లు తక్కువ. ఆ లోటు మాదే. బిక్కవోలు గోలింగేశ్వరాలయం దగ్గర ఒక పెద్దావిడ శిల్పాలకు ఊరివాళ్లు పిలుచుకునే పేర్లు గడగడా చెప్పుకుపోయారు. ఇంటికొచ్చి చూసుకుంటే మా నోటు పుస్తకంలో సగమే ఉన్నాయి. మళ్లీ వెళ్లాలని తీర్మానించాం. ఈసారి ఒకరు అడగడానికి, ఇద్దరు రాయడానికి.

రెండో తీర్మానం మన కాగితాల గురించి. 1996 నవంబరు తుఫానులో ఎన్ని ఇళ్లల్లో ఎన్ని ట్రంకు పెట్టెలు తడిసి ముద్దయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో మా తాతగారి ఫ్రెంచి బడి సర్టిఫికెట్ అలాగే పోయింది. మిగిలినవైనా ఉంచుకుందామని చదువుల గది మేడ మీద ఒక ఇనుప బీరువా పెట్టాం. ఫ్రెంచి కాలపు పెళ్లి కాగితాలు, దస్తావేజులు, పాత ఫోటోలు తెస్తే నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాం. ప్రతి కాగితానికీ అది ఎవరిది, అందులో ఎవరున్నారు, ఏ సందర్భం అన్నది తెచ్చినవాళ్ల మాటల్లోనే రాసి జతచేస్తాం. ఫ్రెంచి వచ్చిన పెద్దలు ముగ్గురు ఆదివారాలు వచ్చి చదివిపెడతామని మాటిచ్చారు. వారికి సంఘం తరఫున నమస్కారాలు.

తెచ్చేవాళ్లు ఆషాఢంలోపు తెండి. గౌతమి ఎర్రబారిందంటే మేం మళ్లీ కింది గది సామాను మేడ మీదికి ఎక్కించే పనిలో ఉంటాం.

ఇట్లు,
కార్యదర్శి