ఎకరం లేనివాడి నష్టం ఎక్కడ రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

దీవుల్లో బతికే జాలర్లంటే మనకు సముద్రమే గుర్తొస్తుంది. లక్షద్వీప్‌లో 1998లో, మళ్లీ 2010లో, 2016లో సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబారాయి. అక్కడివాళ్లు గాలంతో పెద్ద తూర (ట్యూనా) చేపలు పట్టాలంటే ఆ దిబ్బల పక్కన తిరిగే చిన్న చేపలే ఎర. దిబ్బ పాడైతే ఎర కరువు. ఇలాంటి సంగతులు చదివి అయ్యో అనుకుంటాం. సముద్రం ముఖం చూడని మా గద్వాల జిల్లాలోనూ ఒక దీవి ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

దాని పేరు గుర్రంగడ్డ. కృష్ణ రెండు పాయలుగా చీలి దాని చుట్టూ పోతుంది. ఏటిలో నీళ్లుంటే ఊరు దాటడానికి గుండ్రటి బుట్టలాంటి పడవ, పుట్టి ఒక్కటే దిక్కు. వంతెన మాట ఏళ్లుగా నడుస్తూనే ఉంది. ఆ వంతెన గురించి రాసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. నేను పుట్టి మీద వల వేసేవాళ్ల గురించి రాస్తున్నాను.

నేను గద్వాలలో జిరాక్స్ షాపు నడుపుకుంటాను. మా నాయన, చిన్నాయన ఇద్దరూ ఏటి మీద బతికినవాళ్లే. నాయన పోయాడు. చిన్నాయన ఇంకా పుట్టి వేస్తున్నాడు. వెదురు బద్దలు అల్లి, ఎరువుల సంచులు కుట్టి, పైన తారు పూసిన పుట్టి అది. ఒక మనిషి నెత్తిన పెట్టుకొని మోయొచ్చు. ఏరు పొంగితే అది ఎటు తిరుగుతుందో తెడ్డు పట్టినవాడికీ తెలియదు.

నిరుడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆయనతో పాటు పోయాను. రాత్రి కట్టిన వల రెండు బండల మధ్య ఉంది. ఆనవాలుగా ఖాళీ నీళ్ల సీసాలు తేలుతున్నాయి. సగం వల లాగామో లేదో, చిన్నాయన చెయ్యి ఆపాడు. నీళ్లలో చెయ్యి ముంచి చూశాడు. నాకు ఏమీ తేడా కనిపించలేదు. కాసేపటికి నురగ, కట్టెపుల్లలు, ఒక చెప్పు కొట్టుకొచ్చాయి. అంతే, నడుముకున్న కత్తి తీసి వల తాడు కోసేశాడు. మేం ఒడ్డుకు చేరేసరికి మేం నిలబడ్డ బండ నీళ్ల కింద ఉంది. కోసిన వల ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. అప్పు తెచ్చి కొన్న వల అది.

పైన ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తే ముందు సైరన్ వేస్తారంటారు. అది గాలి ఎటు కొడితే అటే వినిపిస్తుంది. ఫోన్లకు మెసేజ్‌లు కూడా వస్తాయి. కానీ తడుస్తుందని చిన్నాయన ఫోన్ ఇంట్లోనే పెట్టి పోతాడు. మేం తిరిగొచ్చాక చూస్తే మెసేజ్ వచ్చే ఉంది.

ఆయన మాట ఒకటి చెప్తాను. "ముందుగాల వాన చెప్పేది, తర్వాత నీళ్లొచ్చేవి. ఇప్పుడు ఈడ సుక్క వాన లేకున్నా ఏరు పొంగుతది, ఈడ వానలు పడినా ఏట్ల నీళ్లు రావు." ఇందులో వింత ఏమీ లేదు. మా ఏటి నీళ్లు ఎక్కడో మహారాష్ట్ర కొండల మీద పడ్డ వానవి. పైన కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ డ్యాములు నిండితే గానీ జూరాలకు పెద్దగా రావు. వస్తే ఒక్కసారే వస్తాయి. వాటికి తోడు కరెంటు తయారీ ఉంది. పవర్ హౌస్ నడిచినంతసేపు ఏరు నిండుగా ఉంటుంది, ఆపితే తెల్లారేసరికి రాళ్లు తేలతాయి. రాత్రి నీళ్లలో కట్టిన వల పొద్దున బండ మీద ఎండుతూ కనిపించిన రోజులున్నాయి.

చేప సంగతి ఇంకో కథ. మృగశిర కార్తె దాటాక మొదటి ఎర్రనీళ్లు వస్తే రవ్వ, బొచ్చె ఏటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. వాటికి పారే నీళ్లు కావాలి, అది కూడా వేళకు రావాలి. నీళ్లు ఆలస్యమైతే కడుపుతో ఉన్న చేప ఆగిపోతుంది. వచ్చాక ఎదురెక్కుదామంటే పైన కట్ట అడ్డం. జిలేబి (తిలాపియా) చేపకు ఈ బాధలేవీ లేవు. అది నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పిల్లల్ని నోట్లో దాచుకొని కాస్తుంది. అందుకే మా వలల్లో రవ్వ తగ్గి జిలేబి పెరిగింది. ఎండాకాలం మడుగుల్లో నీళ్లు కాగి గాలి తక్కువై, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకొని ఉంటాయి. అలాంటప్పుడు వల వేయడం సులువే. చిన్నాయన వేయడు. ఎందుకని అడిగితే "అది వేట కాదురా" అన్నాడు. వేసేవాళ్లూ ఉన్నారు, కాదనను.

మావాళ్ల తప్పులు దాచిపెట్టను. కింద శ్రీశైలం వెనుక జలాల్లో, సోమశిల వైపు అలివి వలల గొడవ అందరికీ తెలిసిందే. దోమతెరంత సన్నటి కన్నులతో ఏరును ఊడ్చేస్తే గోరంత పిల్ల కూడా మిగలదు. ఇక్కడా సన్న కన్ను వల వేసే చేతులు లేకపోలేదు.

2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లల్ని వదులుతోంది. చెరువులకు అది మేలే చేసింది. ఏటికి మాత్రం పిల్లలు పెద్దవి కావాలి, గేట్లు దించాక వదలాలి. వరద పారుతుండగా బొటనవేలంత పిల్లల్ని వదిలి ఫొటో దిగితే అవి ఎటు పోతాయో చెప్పడానికి చదువు అక్కర్లేదు. జూరాల దగ్గర చేపల పులుసు తినడానికి హైదరాబాద్ నుంచి కార్లేసుకొని వస్తారు. ఆ చేప ఏటిదా, చెరువుదా అని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

అసలు విషయానికొస్తాను. కృష్ణ నీళ్ల పంపకాలలో బచావత్ ట్రిబ్యునల్ జూరాలకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. శ్రీశైలంలో ఆవిరయ్యే నీళ్లకు కూడా 33 టీఎంసీలు లెక్క కట్టింది. ఆవిరికి వాటా ఉంది. చేప ఎదురెక్కే వేళకు ఏటిలో కొంత నీరు పారాలన్న లెక్క మాత్రం ఆ పంపకంలో మావాళ్లకు కనిపించదు. నష్టం రాసేటప్పుడూ అదే తీరు. 2009 అక్టోబర్ వరద తగ్గాక ఒకాయన మా వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని "ఎన్నెకరాలు?" అని అడిగాడు. చిన్నాయన "ఏడు వలలు, ఒక పుట్టి సార్" అన్నాడు. ఆయన తల ఎత్తి చూసి, కాగితంలో దానికి గడి లేదన్నాడు. విపత్తు సాయం నిబంధనల్లో పోయిన వలకు, విరిగిన పడవకు డబ్బులివ్వాలని రాసి ఉందని నాకు ఆ తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది. షాపులో ఎవరో జిరాక్స్‌కు తెచ్చిన కాగితాల్లో చూశాను. నిబంధన ఉండి గడి లేకపోతే ఎవరిని అడగాలి?

కాబట్టి అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకునేది ఇదీ. నారాయణపూర్‌లో వదిలిన నీళ్లు మన దాకా రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో మత్స్య సహకార సంఘాల వాళ్లకు కబురు పెట్టి, రేవుల దగ్గర మైకులో చెప్పించండి. సాయంత్రం వల కట్టకముందే చెప్పించండి, అర్ధరాత్రి కాదు. వానాకాలం మొదట్లోనే పుట్లను, వలలను సంఘం పుస్తకంలో రాయించి పెడితే, వరద పోయాక ఎన్ని ఉన్నాయో ఎన్ని పోయాయో తేలుతుంది. సంఘంలో సభ్యత్వం లేకుండా వేటాడేవాళ్లూ ఉన్నారు, వాళ్లను వదిలేయొద్దు. చేప పిల్లల్ని ఎప్పుడు వదలాలో నిర్ణయించే మీటింగుకు ఏటిలో దిగేవాణ్ని ఒక్కణ్నైనా పిలవండి.

మీ పత్రికలో రోజూ జలాశయాల పట్టిక వస్తుంది. ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి, ఎన్ని పోయాయి అని. పొద్దున షాపు తెరవకముందు జూరాల వరుస చిన్నాయనకు ఫోన్‌లో చదివి వినిపిస్తాను. ఆయన అంతా విని, "ఇది నిన్నటిది గదరా" అంటాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గద్వాల